హైదరాబాద్ ఎఫ్‌సీ ప్రధాన శిక్షకుల మార్పులు

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019 నుండి 2025 వరకు ఇండియన్ సూపర్ లీగులో హైదరాబాదు నగరానికి ప్రాతినిధ్యం వహించిన వృత్తి ఫుట్‌బాల్ క్లబ్బు. ఈ ఆరు సీజన్లలో జట్టు ఒకసారి ఛాంపియనుగా నిలిచింది. రెండుసార్లు పట్టికలో చిట్టచివరి స్థానంలోను, ఒకసారి చివరి నుండి రెండవ స్థానంలోను నిలిచింది. ఈ ఎత్తుపల్లాల నడుమ క్లబ్బు యజమానులు పలుమార్లు ప్రధాన శిక్షకుని మార్చారు. 2020 జనవరిలో ఫిల్ బ్రౌన్‌ను తొలగించిన నిర్ణయం, 2023లో మనోలో మార్కెజ్ నిష్క్రమణ, 2024 డిసెంబరులో తంగ్బోయ్ సింగ్టో తొలగింపు వీటిలో ముఖ్యమైనవి. నిర్ణయం వెలువడిన నాటి అంచనాకు, తరువాతి ఫలితాలను చూసిన పిమ్మట ఏర్పడే అంచనాకు మధ్య ఎంత తేడా ఉండగలదో ఈ క్లబ్బు చరిత్ర తెలుపుతుంది.

నేపథ్యం

హైదరాబాదు నగరానికి భారత ఫుట్‌బాల్ చరిత్రలో విశిష్టమైన స్థానం ఉంది. 1950వ దశకంలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు దేశంలోని మేటి జట్లలో ఒకటి. ఈ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలుచుకున్నది. జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం అదే కాలంలో భారత జాతీయ జట్టుకు కూడా శిక్షకుడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951 (ఢిల్లీ), 1962 (జకార్తా) ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానం పొందింది. తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ వంటి క్రీడాకారులు ఈ జంటనగరాల నుండి వచ్చినవారే. రహీం 1963 జూన్ 11న మరణించేవరకు శిక్షకునిగా కొనసాగారు. ఒకే శిక్షకుడు పుష్కరకాలానికి పైగా పనిచేయడం నాటి హైదరాబాదు ఫుట్‌బాల్ విశేషం.

ఆ తరువాతి దశాబ్దాలలో నగరంలో ఫుట్‌బాల్ ప్రాభవం క్రమంగా తగ్గింది. 2014లో ఇండియన్ సూపర్ లీగు ప్రారంభమైనపుడు అందులో హైదరాబాదు జట్టు లేదు. 2019 ఆగస్టులో పుణె సిటీ ఎఫ్‌సీ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఏర్పడింది. వ్యాపారవేత్త విజయ్ మద్దూరి, కేరళ బ్లాస్టర్స్ క్లబ్బు మాజీ ముఖ్య కార్యనిర్వాహకుడు వరుణ్ త్రిపురనేని దీని యజమానులు. సినీ నటుడు రానా దగ్గుబాటి కూడా సహ యజమానిగా చేరాడు. గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి క్రీడా మైదానం జట్టుకు సొంత మైదానమైంది. క్లబ్బు అభిమానుల సంఘం పేరు డెక్కన్ లెజియన్.

యజమాని, శిక్షకుల బాధ్యతలు

ఫుట్‌బాల్‌లో ప్రధాన శిక్షకుడు జట్టును ఎంపిక చేస్తాడు, ఆట వ్యూహాన్ని నిర్ణయిస్తాడు, క్రీడాకారులకు తర్ఫీదునిస్తాడు. క్రీడాకారులను కొనుగోలు చేయడానికి కావలసిన ధనం, జీతాల చెల్లింపు, శిక్షణ సదుపాయాలు, యువజట్ల నిర్వహణ యజమాని పరిధిలోనివి. మైదానంలో కనిపించే ఫలితం ఈ రెండింటి కలయిక. ఓటములు ఎదురైనపుడు పాతికమంది క్రీడాకారులను సీజను మధ్యలో మార్చడం సాధ్యం కాదు కనుక, యజమాని మొదట శిక్షకుని మారుస్తాడు.

ఐరోపా లీగులలో చివరి స్థానాలలో నిలిచిన జట్లు క్రింది శ్రేణికి పడిపోతాయి. ఆ భయమే అక్కడ సీజను మధ్యలో జరిగే మార్పులకు ప్రధాన కారణం. హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడిన కాలంలో ఇండియన్ సూపర్ లీగులో చివరి స్థానం పొందిన జట్టు మరుసటి సీజనులో కూడా అదే లీగులో కొనసాగేది. అందువలన ఇక్కడి యజమానులకు మార్పు విషయంలో తొందర తక్కువ. ఆ సీజనులో మిగిలిన ఫలితాల కంటే రాబోయే సీజనును దృష్టిలో ఉంచుకొని నిర్ణయం తీసుకునే వీలు ఎక్కువ.

ఫిల్ బ్రౌన్ తొలగింపు

క్లబ్బు మొదటి ప్రధాన శిక్షకుడు ఇంగ్లాండుకు చెందిన ఫిల్ బ్రౌన్. ఈయన 2008లో హల్ సిటీ జట్టును ఆ క్లబ్బు చరిత్రలో మొదటిసారిగా ఇంగ్లాండు అగ్రశ్రేణి లీగుకు చేర్చాడు. 2018-19 సీజనులో పుణె సిటీకి శిక్షకుడిగా పనిచేశాడు.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019 అక్టోబరు 25న కోల్‌కతాలో ఆడిన తన మొదటి మ్యాచిలో ఏటీకే చేతిలో 5-0 తేడాతో ఓడిపోయింది. నవంబరు 2న గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్స్‌పై 2-1 తేడాతో మొదటి విజయం సాధించింది. ఆ తరువాత బ్రౌన్ పదవీకాలంలో జట్టుకు మరొక విజయం దక్కలేదు. 12 మ్యాచిలలో 1 గెలుపు, 2 సమానాలు, 9 ఓటములతో 5 పాయింట్లు మాత్రమే లభించాయి. 2020 జనవరిలో సొంత మైదానంలో చెన్నైయిన్ ఎఫ్‌సీ చేతిలో 3-1 తేడాతో ఓడిన వెంటనే బ్రౌన్‌ను తొలగించారు.

ఈ నిర్ణయంపై అప్పట్లో రెండు విధాలుగా వాదించే అవకాశం ఉండేది. క్లబ్బు సీజను ఆరంభానికి సుమారు రెండు నెలల ముందు మాత్రమే ఏర్పడింది. జట్టులో చాలామంది పుణె నుండి వచ్చినవారే. కొందరు ముఖ్య క్రీడాకారులు గాయాల వలన, మరొకరు నిషేధం వలన ఆడలేకపోయారు. ఇటువంటి స్థితిలో తప్పంతా శిక్షకునిపై మోపడం సబబు కాదన్నది మొదటి వాదన. రక్షణ శ్రేణి లోపాలు వారం వారం పునరావృతమైనా సవరణ కనిపించలేదన్నది రెండవ వాదన. ఆ సీజను మొత్తం మీద జట్టు 18 మ్యాచిలలో 39 గోలులు సమర్పించుకున్నది.

బ్రౌన్ స్థానంలో స్పెయిన్‌కు చెందిన జేవియర్ గురీ లోపెజ్ తాత్కాలిక బాధ్యతలు స్వీకరించాడు. మిగిలిన 6 మ్యాచిలలో జట్టు 5 పాయింట్లు సాధించింది. చివరి మ్యాచిలో నార్త్ ఈస్ట్ యునైటెడ్‌పై 5-1 తేడాతో గెలిచింది. అయినా 10 జట్ల పట్టికలో 10 పాయింట్లతో చివరి స్థానమే దక్కింది. ఆ సీజను వరకు మాత్రమే చూస్తే శిక్షకుని మార్పు వలన పెద్ద ప్రయోజనం కలిగినట్లు కనిపించదు.

ఆల్బర్ట్ రోకా నిష్క్రమణ

బ్రౌన్‌ను తొలగించిన సమయంలోనే యజమానులు 2020-21 సీజనుకు ఆల్బర్ట్ రోకాను ప్రధాన శిక్షకునిగా ప్రకటించారు. స్పెయిన్‌కు చెందిన రోకా 2016లో బెంగళూరు ఎఫ్‌సీని ఏఎఫ్‌సీ కప్పు ఫైనలుకు చేర్చాడు. ఆ ఫైనలుకు చేరిన మొదటి భారతీయ క్లబ్బు అదే. భారతీయ ఫుట్‌బాల్‌పై అవగాహన గల శిక్షకుడు కావడం వలన ఆయన నియామకానికి ప్రాధాన్యత లభించింది.

అయితే 2020 ఆగస్టులో బార్సిలోనా క్లబ్బు రొనాల్డ్ కూమన్ శిక్షక బృందంలోకి రోకాను ఆహ్వానించింది. హైదరాబాద్ క్లబ్బు ఆయనను విడిచిపెట్టడానికి అంగీకరించింది. ఒక్క సీజను కూడా పూర్తిగా నడిపించకుండానే రోకా వెళ్ళిపోయాడు. సీజను ప్రారంభానికి మూడు నెలల వ్యవధి కూడా లేని సమయంలో యజమానులు మరల శిక్షకుని వెతకవలసి వచ్చింది. చేసిన ప్రణాళిక చెడిపోయినట్లు కనిపించిన ఈ ఘట్టమే తరువాత క్లబ్బుకు మేలు చేసింది.

మనోలో మార్కెజ్ కాలం

2020 ఆగస్టు చివరలో స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్ ప్రధాన శిక్షకునిగా నియమితుడయ్యాడు. అంతకు ముందు ఆయన స్పెయిన్‌లో లాస్ పాల్మాస్ జట్టుకు, తరువాత క్రొయేషియా, థాయ్‌లాండు క్లబ్బులకు శిక్షకుడిగా పనిచేశాడు. భారతదేశంలో ఆయన పేరు అప్పటికి పెద్దగా పరిచితం కాదు.

కోవిడ్ కారణంగా 2020-21 సీజను మొత్తం గోవాలో ప్రేక్షకులు లేని మైదానాలలో జరిగింది. మొదటి ఐదు మ్యాచిలలో ఓటమి ఎరుగని హైదరాబాదు 2020 డిసెంబరులో ముంబై సిటీ, కేరళ బ్లాస్టర్స్, ఎఫ్‌సీ గోవా జట్ల చేతిలో వరుసగా మూడు మ్యాచిలు ఓడిపోయింది. ముందటి సీజనులో శిక్షకుని తొలగించిన యజమానులు ఈసారి మార్పు జోలికి పోలేదు. తరువాతి 12 మ్యాచిలలో జట్టు ఒక్కటి కూడా ఓడలేదు. చివరి మ్యాచిలో ఎఫ్‌సీ గోవాతో గోలు లేకుండా సమానంగా ముగించి, 29 పాయింట్లతో ఐదవ స్థానంలో నిలిచింది. 31 పాయింట్లు పొందిన గోవా నాలుగవ స్థానంతో సెమీఫైనలు చేరింది.

మార్కెజ్ యువ భారతీయ క్రీడాకారులకు విరివిగా అవకాశాలిచ్చాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో, మహమ్మద్ యాసిర్, హితేశ్ శర్మ మొదలగువారు ఆ సీజనులో వెలుగులోకి వచ్చారు.

2021-22 సీజనులో జట్టు 38 పాయింట్లతో రెండవ స్థానం పొందింది. నైజీరియా క్రీడాకారుడు బర్తొలోమ్యూ ఒగ్బెచే 18 గోలులతో లీగులో అత్యధిక గోలుల పురస్కారం అందుకున్నాడు. సెమీఫైనలులో ఏటీకే మోహన్ బగాన్‌పై రెండు మ్యాచిలు కలిపి 3-2 తేడాతో విజయం లభించింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనలు జరిగింది. 68వ నిమిషంలో రాహుల్ కె.పి. చేసిన గోలుతో కేరళ ఆధిక్యం సాధించగా, 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుండి కొట్టిన గోలుతో స్కోరు 1-1కి చేరింది. పెనాల్టీలలో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపగా హైదరాబాదు 3-1 తేడాతో విజేతగా నిలిచింది.

2022-23 సీజనులో జట్టు 20 మ్యాచిలలో 42 పాయింట్లతో మరల రెండవ స్థానం పొంది, సెమీఫైనలులో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీలపై 4-3 తేడాతో ఓడింది. మార్కెజ్ మూడు లీగు సీజన్లలో రెండు గోవాలోనే గడిచాయి. కనుక గచ్చిబౌలి ప్రేక్షకులు ఆయన జట్టును సొంత మైదానంలో చూసినది ఈ ఒక్క సీజను మాత్రమే. ఆ తరువాత ఆయన ఎఫ్‌సీ గోవాకు శిక్షకునిగా వెళ్ళాడు. 2024 జులై నుండి 2025 జులై వరకు భారత జాతీయ జట్టుకు కూడా శిక్షకుడిగా ఉన్నాడు.

2023 తరువాతి పరిణామాలు

మార్కెజ్ వెళ్ళిన తరువాత 2023-24 సీజనులో జట్టు శిక్షణ బాధ్యతలు ఐర్లాండుకు చెందిన కానర్ నెస్టర్, భారతీయుడైన తంగ్బోయ్ సింగ్టోల చేతికి వచ్చాయి. నెస్టర్ సీజను మధ్యలోనే వైదొలగగా సింగ్టో కొనసాగాడు. అదే సమయంలో క్లబ్బు ఆర్థిక ఇబ్బందులలో చిక్కుకున్నది. బకాయిల వివాదాల కారణంగా కొత్త క్రీడాకారుల నమోదుపై ఫీఫా నిషేధం విధించింది. ఆకాశ్ మిశ్రా 2023లోనే ముంబై సిటీకి వెళ్ళాడు. 2024 జనవరిలో నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సన సింగ్ బెంగళూరు ఎఫ్‌సీకి, యాసిర్ ఎఫ్‌సీ గోవాకు తరలిపోయారు. విదేశీ క్రీడాకారులలో ఎక్కువమంది సీజను ముగియకముందే వెళ్ళిపోయారు. మిగిలిన జట్టులో అధికులు అనుభవం లేని యువకులు. 22 మ్యాచిలలో 1 గెలుపు, 5 సమానాలు, 16 ఓటములతో 8 పాయింట్లు పొంది జట్టు చివరి స్థానంలో నిలిచింది.

2024లో క్లబ్బు యాజమాన్యం బి.సి. జిందాల్ గ్రూపు చేతికి వచ్చింది. 2024-25 సీజనులో మొదటి 11 మ్యాచిలలో 7 పాయింట్లు మాత్రమే లభించడంతో డిసెంబరులో సింగ్టోను తొలగించారు. ఆయన స్థానంలో షమీల్ చెంబకత్ బాధ్యతలు చేపట్టాడు. మిగిలిన 13 మ్యాచిలలో 11 పాయింట్లు చేరి, జట్టు 18 పాయింట్లతో 13 జట్లలో 12వ స్థానం పొందింది.

ఫలితాల పోలిక

లీగు మ్యాచిలో గెలుపుకు 3 పాయింట్లు, సమానానికి 1 పాయింటు లభిస్తాయి. శిక్షకుల వారీగా మ్యాచికి లభించిన సగటు పాయింట్లు ఈ క్రింది విధంగా ఉన్నాయి.

* ఫిల్ బ్రౌన్ (2019-20): 12 మ్యాచిలు, 5 పాయింట్లు, సగటు 0.42
* జేవియర్ గురీ లోపెజ్ (2019-20): 6 మ్యాచిలు, 5 పాయింట్లు, సగటు 0.83
* మనోలో మార్కెజ్ (2020-21): 20 మ్యాచిలు, 29 పాయింట్లు, సగటు 1.45
* మనోలో మార్కెజ్ (2021-22): 20 మ్యాచిలు, 38 పాయింట్లు, సగటు 1.90
* మనోలో మార్కెజ్ (2022-23): 20 మ్యాచిలు, 42 పాయింట్లు, సగటు 2.10
* కానర్ నెస్టర్, తంగ్బోయ్ సింగ్టో (2023-24): 22 మ్యాచిలు, 8 పాయింట్లు, సగటు 0.36
* తంగ్బోయ్ సింగ్టో (2024-25): 11 మ్యాచిలు, 7 పాయింట్లు, సగటు 0.64
* షమీల్ చెంబకత్ (2024-25): 13 మ్యాచిలు, 11 పాయింట్లు, సగటు 0.85

సెమీఫైనలు, ఫైనలు మ్యాచిలు ఈ లెక్కలో చేరలేదు. సీజను మధ్యలో జరిగిన 2020, 2024 మార్పుల తరువాత సగటు కొంత పెరిగింది. అయితే ఆరు, పదమూడు మ్యాచిల వంటి చిన్న సంఖ్యలలో ఒకటి రెండు గెలుపులే సగటును మార్చివేయగలవు. ఉదాహరణకు గురీ లోపెజ్ పొందిన 5 పాయింట్లలో 3 చివరి మ్యాచిలో వచ్చినవే.

నిర్ణయాల పునఃపరిశీలన

2020 జనవరి నిర్ణయాన్ని 2022 విజయం తరువాత తిరిగి చూస్తే, బ్రౌన్ తొలగింపు విజయానికి తొలి మెట్టుగా కనిపిస్తుంది. ఈ అంచనాలో కొంత సత్యమున్నది. సీజను మధ్యలోనే నిర్ణయం తీసుకోవడం వలన యజమానులకు తరువాతి సీజను కొరకు జట్టును సిద్ధం చేసుకునే వ్యవధి దొరికింది. అయితే వారు బ్రౌన్ స్థానంలో ఎంచుకున్నది రోకాను. బార్సిలోనా ఆహ్వానం రాకపోయి ఉంటే మార్కెజ్ నియామకమే జరిగేది కాదు. కాబట్టి ఈ విజయంలో యోచనతో పాటు యాదృచ్ఛికత పాత్ర కూడా ఉంది.

రెండవ అంశం 2020 డిసెంబరుకు చెందినది. వరుసగా మూడు ఓటముల సమయంలో శిక్షకుని కొనసాగించడం కూడా ఒక నిర్ణయమే. తొలగింపు వలె అది వార్తలలోకి ఎక్కదు. కానీ ఫలితాలను బట్టి చూస్తే క్లబ్బు చరిత్రలో మిక్కిలి ప్రయోజనకరమైన నిర్ణయాలలో దీనిని చేర్చవచ్చు. బ్రౌన్‌కు, మార్కెజ్‌కు మధ్య తేడా ఓటముల సంఖ్యలో మాత్రమే లేదు. మార్కెజ్ జట్టులో ఓటముల నడుమ కూడా ఆట తీరు స్థిరంగా ఉండేది, యువకులు ఎదుగుతుండేవారు.

మూడవ అంశం 2023-24 సీజను. ఆ సీజను పాయింట్ల సగటు బ్రౌన్ కాలం కంటే కూడా తక్కువ. అయినంత మాత్రాన నెస్టర్, సింగ్టోలు బ్రౌన్ కంటే అసమర్థులని నిర్ధారించలేము. ముఖ్య క్రీడాకారులు వెళ్ళిపోయి, కొత్తవారి నమోదుకు వీలు లేని స్థితిలో వారు పనిచేశారు. మార్కెజ్ కాలంలోని విజయాలను పూర్తిగా ఆయన ఖాతాలో వేసి, ఈ ఓటములను పూర్తిగా వీరి ఖాతాలో వేయడం వలన యజమాని పరిధిలోని జీతాలు, నమోదులు, ఒప్పందాలు లెక్కలోకి రాకుండా పోతాయి. 2020లో శిక్షకుని మార్పు ఫలించడానికి, 2023 తరువాతి మార్పులు ఫలించకపోవడానికి గల ప్రధాన భేదం శిక్షకుని వెనుక నిలిచిన వ్యవస్థలోనే ఉన్నది.

ఇతర దేశాలలో ఇటువంటి సందర్భాలు

ఇంగ్లాండులోని సౌతాంప్టన్ క్లబ్బు ఉదంతం దీనికి దగ్గరి పోలిక. జట్టును వరుసగా రెండుసార్లు పై శ్రేణికి చేర్చిన నైజెల్ ఆడ్కిన్స్‌ను 2013 జనవరిలో ఛైర్మన్ నికోలా కోర్టెసే తొలగించి, అక్కడ అంతగా పరిచయం లేని మౌరీసియో పొచెటీనోను నియమించాడు. అభిమానులలో తీవ్ర అసంతృప్తి వ్యక్తమైంది. ఆ సీజనులో జట్టు 14వ స్థానంలో, తరువాతి సీజనులో 8వ స్థానంలో నిలవడంతో అదే నిర్ణయం దూరదృష్టికి ఉదాహరణగా మారింది.

మాంచెస్టర్ యునైటెడ్‌లో దీనికి భిన్నమైన పరిణామం జరిగింది. 1986లో నియమితుడైన అలెక్స్ ఫెర్గూసన్‌ను తొలగించాలని 1989లో కొందరు ప్రేక్షకులు కోరినా యాజమాన్యం ఆయనను కొనసాగించింది. 1990లో ఎఫ్.ఎ. కప్పుతో మొదలై 2013లో విరమించే నాటికి ఆయన 13 లీగు టైటిళ్ళు సాధించాడు. లీస్టర్ సిటీ మాత్రం 2016లో లీగు గెలిపించిన క్లాడియో రానియేరిని 2017 ఫిబ్రవరిలోనే తొలగించింది. ఆ సీజనులో జట్టు 12వ స్థానంతో క్రింది శ్రేణికి పడిపోకుండా నిలిచింది.

హైదరాబాదులోనే మరొక ఉదాహరణ ఉంది. ఐ-లీగులో ఆడిన శ్రీనిధి డెక్కన్ ఎఫ్‌సీ, పోర్చుగీసు శిక్షకుడు కార్లోస్ వాజ్ పింటో ఆధ్వర్యంలో 2022-23, 2023-24 సీజన్లలో వరుసగా రెండవ స్థానం పొందింది.

క్లబ్బు తరలింపు

2025 అక్టోబరులో యాజమాన్యం క్లబ్బును ఢిల్లీకి తరలించి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చింది. దీనితో తెలంగాణకు ఇండియన్ సూపర్ లీగులో ప్రాతినిధ్యం లేకుండా పోయింది. ఏ శిక్షకుని మార్పు కంటే కూడా అభిమానులపై ఎక్కువ ప్రభావం చూపిన యాజమాన్య నిర్ణయం ఇదే. శిక్షకుని తొలగింపు తప్పని తేలితే మరుసటి సీజనులో దిద్దుకోవచ్చు. జట్టే ఊరు విడిచి వెళ్ళినపుడు అభిమానికి ఆ అవకాశం ఉండదు.

జిల్లాల క్రీడాకారులకు కూడా ఇది ముఖ్యమైన విషయం. సొంత రాష్ట్రంలో పెద్ద క్లబ్బు లేనపుడు ప్రతిభావంతులు ఇతర రాష్ట్రాలకు వెళ్ళవలసి ఉంటుంది. నిజామాబాద్ జిల్లాకు చెందిన భారత మహిళా జట్టు క్రీడాకారిణి గుగులోత్ సౌమ్య కేరళలోని గోకులం కేరళ, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్, కోల్‌కతాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బుల తరపున ఆడింది.

ఇవి కూడా చూడండి

* సయ్యద్ అబ్దుల్ రహీం
* ఇండియన్ సూపర్ లీగ్
* తులసీదాస్ బలరాం
* శ్రీనిధి డెక్కన్ ఎఫ్‌సీ
* జి.ఎం.సి. బాలయోగి క్రీడా మైదానం
* గుగులోత్ సౌమ్య